దొడ్డికంతా ఒకటే మందు

నేనేం పని చేస్తానో మా చుట్టాలకు ఇప్పటికీ అంతుపట్టలేదు. డాక్టరునే. కానీ దగ్గో నడుం నొప్పో చూపించుకుందామని మా ఇంటికొస్తే మాత్రం ఉత్త చేతులతో వెళ్లాల్సిందే. నేను చూసేది మలేరియా క్రిమిని, గాజుపలక మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలో. పెళ్లిళ్లలో మా పిన్ని నన్ను "మా దోమల డాక్టరు" అని పరిచయం చేస్తుంది. దోమలకు జలుబు చేస్తే మీ దగ్గరికి తేవచ్చా అని ఒక పెద్దమనిషి అడిగాడు. "తీసుకురండి, మీ దగ్గర ఫీజు తీసుకోను" అన్నాను. ఆ తర్వాత ఆయన నా పక్కన కూర్చోలేదు.

నాకు నోరు కాస్త ఎక్కువే. ల్యాబులో అందరికీ తెలుసు. ఫలక్‌నుమాలో కూడా తొందరగానే తెలిసిపోయింది.

మా నాన్న గవర్నమెంటు ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టి పెరిగాను. ఫలక్‌నుమా మాకు పెద్ద దూరమేమీ కాదు, అయినా అది నాకు లోకల్ రైలు ముందు రాసి ఉండే పేరుగానే తెలుసు. ఆ రైలు ఆగిపోయిన చోట దిగి, వెల్డింగు షాపుల మధ్య నుంచి నడిచి, పాల దొడ్లున్న గల్లీలోకి అడుగుపెట్టింది మాత్రం ఉద్యోగం వచ్చాకే.

మేం తేల్చుకోవాల్సిన సంగతి చిన్నదే. ఒకసారి తగ్గిన మలేరియా జ్వరం కొన్ని నెలలకు అదే మనిషికి మళ్లీ వస్తోంది. కొత్త దోమ కుట్టిందా, పాత క్రిమే లేచిందా? ఈ రకం మలేరియా క్రిమి కొంత రక్తంలోకి వస్తుంది, కొంత కాలేయంలో నక్కి పడుకుంటుంది. రక్తంలో ఉన్నదానికి ఒక మాత్ర. మూడు రోజుల్లో జ్వరం పోతుంది, జనం లేచి పనికి పోతారు. కాలేయంలో పడుకున్నదానికి ఇంకో మాత్ర, ఇటుక రంగుది, రెండు వారాలు వేసుకోవాలి. జ్వరం లేని మనిషి చేత రెండు వారాలు మాత్ర మింగించడమంటే మాటలు కాదు.

ఆ రెండో మాత్రతో ఇంకో తిరకాసు ఉంది. కొందరి రక్తం పుట్టుకతోనే దాన్ని తట్టుకోలేదు. వేసుకుంటే ఎర్రకణాలు లోపలే పగిలిపోతాయి. మామూలు రోజుల్లో వాళ్లకు ఏ లోటూ ఉండదు, చూస్తే తెలియదు. అందుకే ముందు వేలి మీద చిన్న పోటు పొడిచి పరీక్ష చేస్తాం. పరీక్ష బాగుంటేనే మాత్ర. ఇందులో మాట్లాడుకోవడానికేమీ లేదు.

ఆ గల్లీ చివర దొడ్డిలో ఒక పెద్దావిడ, ఇద్దరు కొడుకులు ఉండేవాళ్లు. పెద్దకొడుకు భార్య కాన్పు కోసం పుట్టింటికి వెళ్లింది. చిన్నకొడుక్కి ఆ ఏడే పెళ్లయింది. నేనక్కడికి మొదట వెళ్లింది రక్తం కోసం కాదు, వాళ్ల నీళ్ల తొట్టి కోసం. బర్రెలకు తాపడానికి సిమెంటు తొట్టి నిండా మంచినీళ్లు నిలవ పెట్టుకునేవాళ్లు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎవరైనా అంతే. మలేరియా దోమకు మురుగు అక్కర్లేదు, అలాంటి తేటనీళ్లే కావాలి. గరిటెతో ముంచి చూపిస్తే దోమపిల్లలు గిలగిలా తిరుగుతున్నాయి. వాటిని తినే చిన్న చేపలు తెచ్చి తొట్టిలో వదులుతానన్నాను.

"చాపలా?" అంది పెద్దావిడ. "నీళ్లతోని చాప గిట్ల కడుపులకు పోతే మా బర్రె నీసు పాలిస్తది. పొద్దుగాల పాలు కొనే అయ్యగార్లకు నువ్వు చెప్తవా, బిడ్డా?"

"చెప్తాను, పాలల్లో మీరు కలిపే నీళ్ల సంగతి కూడా చెప్తాను" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, పకపకా నవ్వి, "దీనికి నోరు మస్తుందిరా" అని కొడుకును పిలిచి చెప్పింది. ఆ రోజు నుంచి నేను వెళితే చాయ్ తాగకుండా రానిచ్చేది కాదు. చెంచా నిలబడేంత చిక్కటి చాయ్. చేపలు కూడా తొట్టిలో చేరాయి.

వానలు వెనకబట్టాక పెద్దావిడకు, పెద్దకొడుక్కి జ్వరం వచ్చింది. ఇద్దరి రక్తంలోనూ క్రిమి ఉంది. ఇద్దరికీ రెండో మాత్రకు పరీక్ష చేశాం, బాగానే ఉంది. మాతో వచ్చిన క్లినిక్ డాక్టరు మాత్రలు ఇచ్చాడు. చిన్నకొడుక్కి పరీక్ష కుదరలేదు. మేం వెళ్లే వేళకు అతను బండి మీద క్యాన్లు కట్టుకుని హోటళ్లకు పాలు పోయడానికి వెళ్లిపోయేవాడు. అందుకే నేను గడపలో నిలబడి గొంతు చించుకుని మరీ చెప్పాను: "ఈ ఇటుకరంగు మాత్ర మీ ఇద్దరికే. పరీక్ష కాని మనిషి దీన్ని ముట్టుకోకూడదు. రెండు వారాలూ మీరే వేసుకోవాలి, మధ్యలో ఆపకూడదు." పెద్దకొడుకు తలూపాడు. "సరే మేడమ్, నాకు సమఝైంది" అన్నాడు.

తర్వాత వారం పెద్దకొడుకు రక్తం మళ్లీ చూద్దామని వెళ్లాను. పెద్దావిడ గడప పక్కన కూర్చుని చాటలో వెల్లుల్లి ఒలుస్తోంది.

"చిన్నోనికి జరం పట్టుకున్నది బిడ్డా. గని ఫికర్ లేదు, మందు నడుస్తున్నది."

"ఏం మందు?"

"నువ్విచ్చినదే."

ఈలోపు పెద్దకొడుకు చేతులు తుడుచుకుంటూ దొడ్లోంచి వచ్చాడు. మంచిపని చేసిన ముఖం అతనిది.

"మీకెందుకు తకలీఫ్ అని మేమే ఇచ్చినం మేడమ్. ఒక్క బర్రెకు రోగమొస్తే మేం దొడ్డికంతా తాపుతం. లేకపోతే దానికి పోయి దీనికి అంటుకుంటది. మాకు జరం తగ్గింది, గోలీలు మస్తు మిగిలినయి. ఇంట్ల అందరం తలా ఒకటి వేసుకున్నం. తమ్మునికి జరం ఉండె, మనిషి గూడ భారీ గదా, అందుకని రోజుకు మూడు ఇచ్చినం."

దొడ్లో ఆ పద్ధతి తప్పేమీ కాదు. పశువుల డాక్టరు వాళ్లకు ఏటా నేర్పేదే అది. ఒకే గడ్డి తినే మందలో నులిపురుగుల మందు అన్నింటికీ ఒకేసారి తాపాలి, బరువును బట్టి మోతాదు పెంచాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా నోరు ఆగలేదు.

"మీ తమ్ముడు బర్రెనా? నేను గడపలో నిలబడి మొత్తుకుంది ఎవరికి, గోడకా?"

లోపల మంచం మీద చిన్నకొడుకు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు క్యాన్లు రెండు చేతుల్లో ఆడిస్తూ నడిచే మనిషి, లేచి కూర్చోవడానికే రొప్పుతున్నాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. పెదాల్లో రంగు లేదు. మూత్రం ఎలా వస్తోందని అడిగాను. అతను చెప్పలేదు. కాళ్ల దగ్గర నిలబడ్డ భార్య చెప్పింది. ఇరవై దాటాయో లేదో ఆ పిల్లకు.

"నల్లగ వస్తున్నది మేడమ్, డికాక్షన్ లెక్క. నిన్నటి సంది. ఎవరికీ చెప్పొద్దన్నడు."

నా వెనకే వచ్చిన పెద్దావిడ చేతిలోంచి చాట జారి పడింది.

"నల్లగనా? మా అన్నకు గట్లనే వచ్చిందిరా. గట్లనే కళ్లు పచ్చబడ్డయి." అంటూనే కోడలి భుజం పట్టుకుని ఊపేసింది. "ఏం పెట్టినవే నా కొడుక్కి? అన్నంల ఏం కలిపినవే?"

ఆ లొల్లి అక్కడే వదిలేసి మేం అతన్ని ఆటోలో కూర్చోబెట్టాం. కూర్చోబెట్టడం కాదు, పడుకోబెట్టాం. "జల్దీ పోనీ భాయ్" అని పెద్దకొడుకు ఆటో అతన్ని ప్రాధేయపడుతున్నాడు. దారిలో, తమ్ముడి తల ఒడిలో పెట్టుకుని, నేను అడగకుండానే చెప్పాడు. వాళ్ల మేనమామకు పెళ్లయిన కొత్తలో జ్వరం వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం నల్లబడింది, వారం తిరక్కుండా పోయాడు. భార్యే ఏదో పెట్టి చంపిందని అందరూ అన్నారు. ముందు అన్నది తన తల్లే. ఆ భార్యను దినాలు కాగానే యాకుత్‌పురాలో పుట్టింటికి పంపేశారు. ముప్పై ఏళ్లయింది. మళ్లీ ఎవరూ ఆ గడప తొక్కలేదు.

ఆస్పత్రిలో అతని రక్తం ఉండాల్సిన దానిలో మూడోవంతుకు పడిపోయి ఉంది. నేను వార్డు డాక్టర్లకు సంగతి చెప్పాను. ఆ మాత్ర వెంటనే ఆపేశారు, సెలైన్లు, రక్తం ఎక్కించడం మొదలైంది. పగిలిన కణాల చెత్త మూత్రపిండాలను మూసేస్తుందేమోనన్నదే అందరి భయం. మూత్రం ధారాళంగా వస్తే బతుకుతాడు, ఆగితే చెప్పలేం అన్నారు. నాకు ఏ చికిత్సా చేతకాదు కనుక నేనూ బయటే కూర్చున్నాను, మిగతావాళ్లలాగే.

పెద్దావిడ వార్డు తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కోడలు వరండా ఆ చివర, అత్త దగ్గరికి రానివ్వకపోవడంతో, ఒంటరిగా నిలబడి ఉంది. పుట్టింటికి ఫోను చేసుకుంటానంటే అది కూడా ఇవ్వలేదు. భర్తకు తాపమని ఆ పిల్ల ఎక్కడి నుంచో నీళ్ల బాటిల్ తెస్తే, పెద్దావిడ లాక్కుని వరండా బయటికి విసిరేసింది.

"వాడు లేస్తేనే నువ్వు మా ఇంటికొచ్చేది. వానికేమన్న అయితే నీ సంగతి పోలీసోళ్లు చూస్తరు."

ఇంక నాకు కడుపు మండిపోయింది. వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ పిల్ల ఏం పెట్టలేదు. పెట్టింది మీరు. రోజుకు మూడు మాత్రలు. నేను వద్దని చెప్పిన మాత్రలు."

"నాకు గూడ పెట్టిన్రు గదా. పెద్దోనికి పెట్టిన్రు. మాకేం కాలే?"

"మీ రక్తానికి అది పడింది. ఇతని రక్తానికి పడదు. పుట్టుకతోనే పడదు."

"ఒక్క తల్లి కడుపుల పుట్టిన్రు ఇద్దరు. ఒకనికి పడి ఒకనికి ఎట్ల పడదు?"

మంచి ప్రశ్నే. ల్యాబులో విద్యార్థులు అడిగితే మెచ్చుకునేదాన్ని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ గుణం తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. తల్లికి ఏమీ ఉండదు, పరీక్షలో కూడా ఒక్కోసారి దొరకదు. కొడుకుల్లో ఒకడికి రావచ్చు, ఒకడికి రాకపోవచ్చు. ఆమెకు కూడా అది ఆమె తల్లి దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది.

ఆమె వింటూ వింటూ చెయ్యెత్తి నన్ను ఆపింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మా అమ్మ నుంచి నాకొస్తే, మా అన్నకు గూడ వస్తదా?"

"రావచ్చు. ఆయన జ్వరానికి ఏం మందు వేసుకున్నాడో గుర్తుందా?"

"గవర్నమెంటోళ్లు ఇంటింటికి తిరిగి గోలీలు పంచుతుండిరి. అప్పట్ల జరమంటే చాలు, చేతుల పెడుతుండిరి." ఆగింది. "ఎర్రమన్ను రంగువి."

ముప్పై ఏళ్ల కిందటి మనిషి రక్తాన్ని నేనిప్పుడు పరీక్ష చేయలేను. కానీ ఆ కళ్లు, ఆ మూత్రం, ఆ మాత్రల రంగు, పక్క గదిలో పడుకున్న మేనల్లుడు, ఇన్ని కలిశాక వేరే జవాబు నాకు తోచలేదు. ఆమెకు కూడా తోచలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం రాకుండా ఏడ్చింది. కాసేపటికి లేచి, గోడ పట్టుకుంటూ వరండా చివరిదాకా నడిచి, కోడలి చెయ్యి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల భయానికో ఏమో బిగుసుకుపోయి కూర్చుంది. నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది.

మర్నాటికి మూత్రం రంగు విరిగింది. ఆ తర్వాత ఒక్కో రోజు కాస్త కాస్త తేటబడింది. అతను బతికాడు. డిశ్చార్జి రోజు పెద్దకొడుకు నా ముందుకు రాలేక క్యాంటీన్ దగ్గరే తచ్చాడుతుంటే నేనే వెళ్లి చాయ్ ఇప్పించమని అడిగాను. అతని తమ్ముడికి ఆ మాత్ర జన్మలో పనికిరాదని, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఆ మాట చెప్పాలని ఇంటిల్లిపాదికీ వల్లె వేయించాను. జ్వరం మళ్లీ రావచ్చు, వస్తే మొదటి మాత్రతోనే సరిపెట్టుకోవాలి. నా పని అక్కడికి అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. పెద్దావిడ నా చెయ్యి వదల్లేదు.

"యాకుత్‌పురాకు నాతోని రావాలె బిడ్డా. మా వదినెకు చెప్పాలె. నేను చెప్తే నన్ను ఇంట్లకు గూడ రానియ్యదు. చదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఇంటది."

నాకు సంతోషమేసింది. నిజం చెప్తున్నాను, ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎవరికీ మంచి కబురు మోసింది లేదు. మీ రక్తంలో క్రిమి ఉంది, మీ తొట్టిలో పురుగుంది, ఇవే నా కబుర్లు. మొదటిసారి ఒక మనిషి మీది నింద తుడిచే మాట నా దగ్గర ఉంది. ఇద్దరం ఫలక్‌నుమాలో రైలెక్కాం. ఇన్నేళ్లూ ఆ వదినె, ఆడబిడ్డల మధ్య ఉన్న దూరం ఒక టీ తాగే లోపు అయిపోయింది.

స్టేషను వెనక గల్లీలో ఒక గది. వదినె తమ్ముడి ఇంటికి ఆనుకుని ఉంది. తలుపు తీసే ఉంది. వదినె కింద కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. తల నెరిసింది. ఆడబిడ్డను చూసి సూది ఆపకుండానే అంది:

"ఏందే, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?"

పెద్దావిడ నన్ను ముందుకు తోసింది. "డాక్టరమ్మ. ఈమె చెప్తది."

నేను కూర్చుని చెప్పాను. తల్లి నుంచి వచ్చే గుణం, పగిలిపోయే కణాలు, కళ్లు ఎందుకు పచ్చబడతాయి, మూత్రం ఎందుకు నల్లబడుతుంది, మేనల్లుడికి మొన్న ఏమైంది. ఎంత తేలిగ్గా చెప్పొచ్చో అంత తేలిగ్గా చెప్పాను. "మీరేం చేయలేదమ్మా. మీ ఆయన పోయింది జ్వరానికిచ్చిన మాత్ర వల్ల. అన్నంలో ఎవరూ ఏమీ కలపలేదు" అని గట్టిగానే ముగించాను.

ఆమె సూది చీర అంచులో గుచ్చి ఆపింది.

"ఏ గోలీ?"

"ఇటుకరంగుది. చిన్నది. ఇంటింటికీ పంచేవాళ్లు."

"గవే" అంది. తల అడ్డంగానూ నిలువుగానూ కాకుండా ఊపింది. "సంచి వేసుకొని వచ్చినాయన నా చేతికే ఇచ్చిండు. రోజు తినిపియ్యాలె అమ్మా, మర్చిపోవద్దన్నడు. మా ఆయనకు ఆ గోలీ అంటే పడకపోయేది, కడుపుల తిప్పుతుందని వద్దంటుండె. నేనే బతిమిలాడి నోట్ల వేసిన. ఒక్క పొద్దు గూడ తప్పలే." నా ముఖంలోకి చూసింది. "అంటే నా చేతుల మీదనే పోయిండన్నట్టా, డాక్టరమ్మా?"

ఆ మాత్ర ఎవరి చేత్తో వేసి ఉంటారన్నది నేను ఆలోచించనే లేదు. ముప్పై ఏళ్లు ఊరంతా తిట్టినా, తానేమీ పెట్టలేదన్న ఒక్క నిజం ఆమె దగ్గర ఉండింది. నేను రైలెక్కి వచ్చి దాన్ని తీసుకున్నాను. మీకు తెలియదు కదా అనో, మీ తప్పు కాదు అనో ఏదో గొణిగాను. ఆమె నా మాట వినడం లేదు. తన అరచేతులు చూసుకుంటోంది.

అంతవరకు గుమ్మంలోనే నిలబడ్డ పెద్దావిడ లోపలికి వచ్చింది. వదినె పక్కన కూలబడి ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"నీ ఒక్కదాని చేతులతోని కాదు వదినె. నేను గూడ ఆడనే ఉన్న. నువ్వు గోలీ వేస్తుంటే నీళ్ల గిలాస నేనే అందించిన. నీకు యాద్ లేదు."

నిజంగానే అందించిందో, అప్పటికప్పుడు అన్నదో నాకు తెలియదు. నేను అడగలేదు. వదినె కూడా అడగలేదు.